జేబులో చెయ్యి

నిన్న మా అమ్మాయి తన ఫోన్‌లో స్నేహితులందరూ దిగిన ఫోటో చూపించింది. నేను చాలాసేపు చూస్తుంటే ముచ్చటపడుతున్నాననుకుంది. చివరికి, "ముఖాలు చూడమంటే చేతులు లెక్కపెడతారేంటి నాన్నా!" అని ఫోన్ లాగేసుకుంది. ఎవరి ఫోటో వచ్చినా నా కళ్ళు ముందు చేతుల మీదికే పోతాయి. బావగారు తిరిగొచ్చిన రోజున పట్టుకున్న అలవాటు అది.

ఆయనకీ నాకూ చుట్టరికం లేదు, ఊరి వరసన బావగారు. తొంభైల్లో రాజోలు దగ్గర ఒక కొబ్బరి వ్యాపారి కొట్టులో మా ఇద్దరిదీ కాయలు లెక్కపెట్టే పని. వలిచిన కాయల్ని పిలక పట్టుకుని చేతికి రెండు చొప్పున, విసురుకి నాలుగేసి, ఆయన రాశిలోకి విసిరేవారు. పక్కన కూర్చుని నేను లెక్క పలికేవాడిని. నాది బడిలో వచ్చిన లెక్క కాదు, ఆయన విసురుకి తాళం వేస్తూ వచ్చింది. ఆ విసురు ఎప్పుడైనా తడబడితే ఇంట్లో ఏదో జరిగిందని నాకు తెలిసిపోయేది. "చెల్లెమ్మ అలిగిందా బావగారూ?" అంటే, "ఆయ్, మీకెలా తెలిసిందండీ!" అని బుగ్గలు నొక్కుకునేవారు.

రెండువేలు దాటాక ఆయన గల్ఫ్ వెళ్ళేరు. మొదట్లో ఆదివారాలు మా వీధి టెలిఫోన్ బూత్‌కి ఫోన్ చేసేవారు. మాట్లాడేది కాసేపే. "బాగానే ఉన్నానండి" అన్న తర్వాత ఎంతసేపు ఆగారో చూస్తే చాలు, బాగున్నదీ లేనిదీ నాకు తెలిసేది. రెండేళ్ళు తిరిగేసరికి ఇంటర్నెట్‌లో స్నేహితుల ఫోటోలు చూసుకునే సైటొకటి వచ్చింది. "ఇంక ఫోన్ దండగండి, ఫోటోలో రోజూ కనబడతాను కదా" అన్నారు. మా ఊరి నెట్ సెంటర్ కుర్రాడి సాయంతో నేనూ అందులో చేరాను. ఎత్తైన మేడల ముందు బావగారు, ఎవరిదో కారు పక్కన బావగారు, నల్లకళ్ళజోడులో బావగారు. అన్నింటిలోనూ హీరోలా ఒక చెయ్యి జేబులో. నెలకి నాలుగు ఫోన్లు పోయి వారానికి నాలుగు ఫోటోలు వచ్చాయి, లెక్కన లాభమేననుకున్నాను. ప్రతి ఫోటో కిందా "సూపర్ బావగారూ" అని కొట్టించేవాడిని. ఫోన్ మాట ఇద్దరం మరిచిపోయాం.

ఆయన వచ్చిన రోజున బస్టాండుకి వెళ్ళాను. కుడిచేత్తో పెట్టె పట్టుకుని దిగేరు, ఎడమచెయ్యి జేబులోనే ఉంది. "ఇక్కడ ఫోటో తీసేవాళ్ళెవరూ లేరు గానీ, ఆ చెయ్యి బయటికి తియ్యండి" అన్నాను.

తీసేరు. చిటికెన వేలూ, పక్క వేలూ లేవు.

"ఎప్పుడు?" అన్నాను.

"వెళ్ళిన రెండో ఏడేనండి. మిషన్లో పడింది. మీ చెల్లెలు వచ్చేయమంటుందని చెప్పలేదు."

"నాకైనా చెప్పొద్దా?"

"మీకు చెబుదామనే అనుకున్నానండి. ఒక్కసారి ఎలా ఉన్నారని అడిగితే చెప్పేద్దునండి. మీరేమో అన్నిటికీ సూపర్ అన్నారు."

మాటలో కోపం లేదు. అందుకే ఆ మాట దెబ్బ నాకింకా మానలేదు.

వారం తిరక్కుండా ఆయన మళ్ళీ కొట్టుకి వచ్చేరు. కుడిచేతికి రెండు కాయలు వచ్చాయి. ఎడమచేతిలో రెండోది జారి నా కాళ్ళ దగ్గరికి దొర్లింది. "ఇంక ఈ పని కాదులెండి" అని లేవబోయారు. నేను కదల్లేదు. "కూర్చోండి బావగారూ, మూడేసి విసరండి" అన్నాను. నిద్రలో లేపినా తప్పని నా నాలుగేసి లెక్క ఆ రోజు ఎన్నోసార్లు తప్పింది. పొద్దు వాలేసరికి మూడేసి లెక్కకి నాలుక తిరిగింది. ఆయన విసురు తడబడినప్పుడల్లా ఆగి ఏమైందని అడిగాను.

ఆ పాత ఫోటోలున్న సైటు ఎప్పుడో మూతపడింది. ఆ ఏళ్ళలో ఫోటోల్లో ఆయన్ని చూడని వారం లేదు, నిజంగా ఆయన్ని చూడకుండా పోయినవీ ఆ ఏళ్ళే.