మీ బండికి ఏ ఆయిలండీ?

కారు సర్వీసుకి బెంజ్ సర్కిల్ దగ్గరి షోరూముకి వెళ్తూ మా ఆవిడని కూడా తీసుకెళ్లాను. మా బట్టల కొట్టులో చీరలు అమ్మేది ఆవిడే.

సర్వీస్ అడ్వైజర్ మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, మా కారులోని ఇంజిన్ ఆయిల్ అద్దిన తెల్ల కాగితం చూపించాడు. "ఎంత నల్లబడిపోయిందో చూడండి సార్. ఈసారి కాస్త ఖరీదైనా సింథటిక్ ఆయిల్ పోయిద్దాం. ఇంజిన్‌కి చాలా మంచిదండీ."

నేను సరేనని తలూపబోతుంటే మా ఆవిడ అమాయకంగా అడిగింది. "మీ బండికి ఏ ఆయిల్ పోయిస్తారు బాబూ?"

అతను కంప్యూటర్ వంక చూస్తూ, "నాది ఎలక్ట్రిక్ స్కూటరండీ" అన్నాడు మెల్లగా.

నేను నవ్వాపుకోలేక దగ్గు నటించాను. ఆవిడ మాత్రం నవ్వకుండా, కారుతో ఇచ్చిన పుస్తకం తీయించింది. అందులో మామూలు ఆయిలే చాలని రాసుంది. అదే పోయించాం.

"ఆ ప్రశ్న నీకెలా తట్టింది?" అని దారిలో అడిగాను.

"మొన్న కంకిపాడు నుంచి వచ్చినావిడకి పట్టుచీర గురించి తెగ చెబుతుంటే, 'మరి మీరు ఏం కట్టుకున్నారండీ?' అంది."

"నువ్వేమన్నావు?"

"అనేదేముంది? నా ఒంటిమీద పాలిస్టర్ కనబడుతూనే ఉందిగా. ఆవిడా అదే కొనుక్కెళ్లింది."