అన్న గొంతున్న పాత డిస్కు

నా ల్యాప్‌టాప్ తెరుచుకునేలోపు కాఫీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించవచ్చు. అయినా కొన్నేళ్ళు దానితోనే నెట్టుకొచ్చాను. బాబాల మీద, తాయెత్తుల మీద, వాస్తు పేరుతో ఇళ్ళ గోడలు పగలగొట్టించేవాళ్ళ మీద రాసిన వ్యాసాలన్నీ ఆ నిదానంలోనే రాశాను. ఒకరోజు దాని లోపలి నుంచి గోటితో రేకు మీద కొట్టినట్టు చిన్న చప్పుడు మొదలైంది. పావగడ బస్టాండు వెనక కంప్యూటర్లు బాగుచేసే అతని దగ్గరికి తీసుకుపోయాను. అతను దానికి చెవి ఆనించి విన్నాడు.

"లోపల బిళ్ళ తిరుగుతా ఉంటాది కదా సార్, దాని పని అయిపోయినాది. ఎస్ఎస్‌డీ వేసుకోండి. దాంట్లో తిరిగేదే ఉండదు. బటన్ నొక్కి కండ్లు మూసి తెరిసేలోగా ఆన్ అవుతాది."

"పాతదాంట్లో ఉన్నవో?"

"కొత్తదాంట్లోకి ఎక్కిస్తా. ఎంత వస్తే అంత."

ఆ చివరి మాట నాకు మింగుడు పడలేదు. వ్యాసాలు పోతే పోనీ, అవి అచ్చయినవే. కానీ అందులో మా అన్న వీడియో ఉంది. తీసిన ఫోను ఎప్పుడో పాడైపోయింది. అది ఇంకెక్కడా లేదు.

అన్న ఊరు వల్లూరు. సోలార్ పార్కుకు చేను ఇచ్చిన ఏడాది, స్తంభాలు పాతేవాళ్ళు రాకముందు, ఆయన్ని గట్ల వెంబడి నడిపించి ఫోన్లో తీశాను. ఏ రాయి ఎవరి హద్దు, వాన పడితే ఏ మూల నీళ్ళు నిలుస్తాయి, వేరుశనగ ఏ చెలకలో గట్టిగా ఊరుతుంది, అన్నీ చెప్పుకుంటూ నడిచాడు. చివరికి తూర్పు గట్టు మీద కూలబడి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, నేను అడగకుండానే వదిన మాట ఎత్తాడు. "ఈ చేను నాది కాదప్పా, దానిది. నేను దున్నినా, అంతే. కలుపు తీసింది అది. కాయ వలిసింది అది. ఇన్నేండ్లలో దాన్ని పేరు పెట్టి పిలిసిందే లేదు చూడు. ఇప్పుడు పిలవాలంటే సిగ్గయితాది" అని నవ్వాడు. తర్వాత చేను వైపు తిరిగి, వదిన అక్కడెక్కడో వంగి కలుపు తీస్తున్నట్టు, పేరు పెట్టి గట్టిగా పిలిచాడు.

వదినకు అది ఒకసారి చూపించాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ముసలాయనకు మతి పోయినాది" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు. మనిషి వసారాలో కూర్చుని దగ్గుతుంటే ఆయన వీడియో ఎవరికి కావాలి? అన్న పోయాక మాత్రం ఒకరోజు మెల్లగా అడిగింది. "ఆయన నన్ను పిలిసింది ఉండాదేమప్పా ఇంకా?" ఉందన్నాను.

అప్పటికే వదిన సోలార్ పార్కులో ప్యానెల్లు కడిగే పనికి కుదిరింది. చేతికి పైపు ఇచ్చారు, తలకు టోపీ ఇచ్చారు. తాను కలుపు తీసిన చేని మీద పరిచిన అద్దాలను తానే కడుగుతుంది.

కొత్త ఎస్ఎస్‌డీ వేసిన ల్యాప్‌టాప్ నిజంగానే కళ్ళు మూసి తెరిచేలోగా వెలిగింది. అన్న వీడియో తెరిచాను. హద్దులన్నీ చెప్పాడు. తూర్పు గట్టు మీద కూర్చున్నాడు. "ఈ చేను నాది కాదప్పా" అన్నాడు. అక్కడ ముఖం చదరపు ముక్కలైపోయి, ఆగిపోయింది.

"ఆడ బిళ్ళ గీసుకుపోయి ఉండాది సార్. నాతో కాదు" అన్నాడు షాపతను. "బెంగళూరులో డిస్కు విప్పి తీసేవాళ్ళుండారు. పంపిద్దాం. అంతవరకు దీనికి కరెంటు మాత్రం ఇయ్యొద్దు." పాత డిస్కును కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు.

అక్కడి నుంచి నేరుగా వల్లూరు పోయి, ఉన్నంతవరకు వదినకు వినిపించాను. గొంతు ఆగగానే ఆమె నా వైపు తిరిగింది.

"మిగతాది?"

"దీంట్లో ఉంది. బెంగళూరుకు పంపాలి."

డిస్కును అరచేతిలో పెట్టుకుని తూచినట్టు చూసింది. "ఎల్లుండే పెద్దల పండగ. ఆ దినం దీన్ని ఆయన ఫోటో ముందర పెట్టుకుంటా. మర్నాడు తీసకపో."

"చచ్చిపోయినవాళ్ళు విస్తరి ముందు కూర్చోరు వదినా."

"కూర్చోకుంటే నువ్వు కూర్చో. ఏటేటా ఆయన పేరు చెప్పి ఓళిగలు తినేది నువ్వే కదప్పా. అప్పుడు రాలేదే ఈ ఉపన్యాసం?"

నవ్వొచ్చింది. ఫోటో ముందు పెట్టినంత మాత్రాన ఇనప డబ్బాకు ఏమవుతుంది? దేవుడు లేడని నిరూపించడానికి ఆ పూట పట్టు పట్టాల్సిన పనేముంది? ఇచ్చి వచ్చాను.

పండగ మర్నాడు వెళితే, డిస్కు పళ్ళెంలో తమలపాకు మీద ఉంది. నడుమ కుంకుమ బొట్టు. చేతిలోకి తీసుకోగానే పసుపు వాసన కొట్టింది.

"కడిగినావా?"

"కడగకుండా ఎట్ల పెడతారప్పా? పసుపునీళ్ళలో బాగా ముంచి, రుద్ది, ఎండలో పెట్టినా. నీటుగా ఆరినాది చూడు."

నేను అరిచాను. ఈ పూజలు, ఈ పసుపులు, ఈ మడి, ఇవే మనల్ని నాశనం చేసినాయి అన్నాను. సభల్లో అలవాటైన మాటలన్నీ ఆమె ఒక్కతే ఉన్న ఆ గదిలో కుమ్మరించాను. వదిన భయపడలేదు, కోపగించుకోలేదు. నేను దేని గురించి అరుస్తున్నానో ఆమెకు నిజంగానే తెలియలేదు.

"పూజ యాడిదప్పా? దానిమీద అంత దుమ్ము ఉండాది. కరెంటు పుట్టించే ప్యానెల్లనే మేము నీళ్ళు కొట్టి కడుగుతాము. మొదట్లో నాకూ బయమే, షాక్ కొడతాదేమో అని. దుమ్ముంటేనే చెడిపోతాది, నీళ్ళకేం కాదు అన్నాడు సూపర్‌వైజరు. నిజమే, ఏం కాలేదు. ఒక్కటీ చెడిపోలేదు. ఇదీ కరెంటుదే కదా. దుమ్ము వల్లే ఆయన మాట ఆగిపోయినాదేమో అనుకున్నా. కడిగితే వస్తాదేమో అని." మళ్ళీ తనే అంది, "నువ్వే కదప్పా చెప్తావు, ఊళ్ళో వాళ్ళు చెప్పింది కాదు, నీ కండ్లతో చూసింది నమ్ము అని."

వేదికల మీద స్వాములకు జవాబు చెప్పాను. జ్యోతిష్కులను నోరెత్తకుండా చేశాను. ఆమెది గుడ్డి నమ్మకమైతే దాన్ని కొట్టడానికి నా చేతిలో కర్ర ఉండేది. ఆమె చూసింది, పోల్చింది, కారణం ఊహించింది, చేసి చూసింది. ఇంతకన్నా నేను ఎవరినైనా ఏమడిగాను? తడిసినా చెడిపోని యంత్రాలను మాత్రమే ఆమె చేతికిచ్చారు. ఆలోచించమని మాత్రమే నేను చెప్పాను. ఆ డబ్బాకు గాలి పీల్చుకునే సన్నని రంధ్రం ఒకటి ఉంటుందని, నీళ్ళు అందులోంచే లోపలికి పోతాయని ఆమెకు ఎవరు చెప్పారు? ఒకప్పుడు అజ్ఞానం మీద నాకు ఎంత కోపమొచ్చినా, దాని పక్కనే ఒక ఆశ ఉండేది, మనిషి ఆలోచించడం మొదలుపెడితే బాగుపడతాడని. ఆ ఆశ ఆ పళ్ళెం ముందే చచ్చిపోయింది.

అయినా డిస్కును బెంగళూరుకు పంపించాం. కొన్నాళ్ళకు షాపతను ఫోన్ చేశాడు. "విప్పి చూసినారంట సార్. బిళ్ళ మీద పసుప్పచ్చగా చార కట్టి ఎండిపోయి ఉండాదంట. రాదు అన్నారు."

ఆ మాట చెప్పడానికి వదిన పనిచేసే చోటికే పోయాను. కంచె పక్కన నిలబడి పైపు చుట్టుకుంటోంది. ఆమె వెనక వరసల మీద వరసలు. వాటి కింద ఎక్కడో తూర్పు గట్టు ఉంది. ఎక్కడో నేను చెప్పలేను. నా ముఖం చూసే ఆమెకు అర్థమైంది.

"రాదా?"

"రాదు వదినా."

తల ఊపింది. టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంది.

"నేనే కడిగినానే" అంది. పైపు చుట్టడం పూర్తి చేసి, "నువ్వు విన్నావు కదప్పా. ఎట్ల పిలిసినాడు? ఒకసారి పిలువు" అంది.

వదినను పేరు పెట్టి పిలవకూడదన్న కట్టుబాటును నేను ఏనాడో విసిరేశాను. అది నాకు అడ్డం కాలేదు. చేని వైపు తిరిగి, అన్న తిరిగినట్టే తిరిగి, గట్టిగా పిలిచాను. నా గొంతే వచ్చింది. పదం గుర్తుంది. దాన్ని ఆయన ఎక్కడ లాగాడో, ఎక్కడ దించాడో నాకు గుర్తులేదు.

వదిన తల ఒక పక్కకు వాల్చి విన్నది.

"అట్ల కాదప్పా. ఆయనది అట్ల ఉండ్లేదు" అంది.

మళ్ళీ పిలవమని అడగలేదు. పైపు భుజాన వేసుకుని, కడగని వరస వైపు నడిచింది.