కాలువ చివరి మనిషి

మా పెదనాన్న పొలం కాలువకు చిట్టచివర ఉండేది. పైవాళ్ల మళ్లు తడిశాక మిగిలితేనే ఆయనకు నీళ్లు. అందుకేనేమో, ఎమ్మెల్యే అయ్యాక ఇంటి ముందు జనం వరుస కడితే నేరుగా వెనక్కి నడిచి, ఆఖరి మనిషితోనే మాట మొదలుపెట్టేవాడు. ముందు నిలబడ్డ కాంట్రాక్టర్లు గుటకలు మింగుతుంటే నాకు కడుపు నిండిపోయేది.

పెద్దమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "ఎమ్మెల్యేవై ఉండి మన పొలానికి ముందు నీళ్లు తెచ్చుకోలేవూ?"

"మన తర్వాత కాలువే లేని ఊళ్లున్నాయి కదే. వాళ్లకంటే మనం ముందే ఉన్నాం."

మూడోసారి గెలిచాక ఆ కాలువను పొడిగించాడు. నీళ్లు వదిలే రోజున తూము దగ్గర వేదిక, దండలు, మంత్రిగారు అన్నీ సిద్ధం, ఈయన తప్ప. మంత్రిగారే ఫోన్ చేస్తే, "మీరు వదలండయ్యా. అందాయో లేదో నేనిక్కడ చూస్తా" అన్నాడట.

మా పొలం గట్టు మీదే ఉంటాడని పెద్దమ్మ పరుగున వెళ్లింది. అక్కడ లేడు. రెండు ఊళ్ల అవతల, కొత్త కాలువ ఆగిన చోట, పంచె ఎగ్గట్టి నిలబడి ఉన్నాడు. నీళ్లు మా పొలం దాటుకుని ఆయన దగ్గరికి వెళ్లాయి.