రెమ్మ పెట్టని మలుపు

మా బావ గురించి మావాళ్ళలో ఒక కథ ఉంది. బెంగాలీల మధ్య మేముండే గార్డెన్ రీచ్‌లో తెలుగువాళ్ళు నలుగురు కూడిన చోట, పెళ్ళయినా దినమయినా, ఎవరో ఒకరు దాన్ని ఎత్తుతారు. దారి మీద పచ్చగా రెమ్మ పెట్టి ఉన్నా కనపడక, సైకిలుతో సహా ఇటుకబట్టీ గోతిలో పడ్డాడని. అందరూ నవ్వుతారు. ఉన్నన్నాళ్ళూ బావ కూడా నవ్వేవాడు. ఆ కథ పుట్టింది నా నోట్లోంచి. అందులో రెమ్మ అబద్ధం.

బావ అంటే మా అక్క భర్త. మున్సిపాలిటీలో నీళ్ళ లారీ నడిపేవాడు. నాకు సైకిలు నేర్పింది ఆయనే. వారమంతా లారీ తోలిన మనిషి సెలవు దొరికితే పడుకోవాలి కదా, ఆయన సైకిలు తీసేవాడు. అదీ తారు లేని దారుల కోసం. "తారు రోడ్డు నాకు డూటీరా. ఈరోజు దాని మొకం సూడను" అనేవాడు.

మా కార్మికుల ఇళ్ళ లైన్ల నుంచి నలుగురైదుగురం కలిసి వెళ్ళేవాళ్ళం. బంద్ అని పిలుపు వచ్చిందంటే మాకు పండగే. బస్సులు లేవు, లారీలు లేవు, మెటియాబ్రుజ్ సందుల్లో కుట్టుమిషన్ల చప్పుడు కూడా లేదు. రోడ్డంతా మాదే. తెల్లారుతూనే బయల్దేరి బజ్‌బజ్ దాటి నది ఒడ్డు పట్టేవాళ్ళం. అక్కడ పంచాయతీవాళ్ళు ఇటుకలు పగలగొట్టి ఆ కంకర పరిచిన దారులుండేవి. కొత్తగా పరిచినప్పుడు నెత్తురు రంగులో ఉండేవి. చక్రం కింద కరకరలాడేవి. ఒక వానాకాలం గడిస్తే కంకర పక్కలకి జారిపోయి మధ్యలో బురద తేలేది. ఒకవైపు వరిచేలూ చేపల చెరువులూ, ఇంకోవైపు బట్టీల పొగగొట్టాలూ, వాటి వెనక నదీ. మావి గేర్లు లేని నల్ల సైకిళ్ళు. సాయంత్రం ఇంటికి చేరేసరికి మా కాళ్ళు మోకాళ్ళ దాకా ఎర్రగా ఉండేవి.

మాకొక పద్ధతి ఉండేది. దారి చీలిన చోట ముందు వెళ్ళేవాడు దిగాలి. రెండు దారులూ చూడాలి. వానలకి ఏది తెగిందో, ఏది బాగుందో తేల్చుకుని, పక్కకి తిరగాల్సి వస్తే ఆ దారి మొదట్లో ఒక పచ్చి రెమ్మ పెట్టి, గాలికి పోకుండా దాని మీద ఇటుక ముక్క ఉంచాలి. రెమ్మ లేదంటే తిన్నగా పొమ్మని అర్థం. అందరికన్నా వెనక వచ్చేవాడు ఆ రెమ్మ తీసి అవతల పారేయాలి. ఆ వెనకవాడు ఎప్పుడూ బావే. పంపూ పంక్చరు సామానూ ఆయన దగ్గరే ఉండేవి. ఎవడు ఆగిపోయినా ఆయన వచ్చి బాగుచేసేవాడు. అందుచేత ముందువాళ్ళు పెట్టిన గుర్తుల మీద ఎక్కువగా ఆధారపడి తొక్కేది ఆయనే.

మేం తరచూ వెళ్ళే రేవుకి ముందు ఒక చీలిక ఉంది. తిన్నగా పోతే బట్టీ పక్కనుంచి పల్లపు దారి. కుడివైపు తిరిగితే గట్టు మీదికి ఏటవాలుగా ఎక్కాలి. ఆ ఎక్కుడంతా వదులు కంకర. వెనక చక్రం జారిపోతుంది, కాలు దించాల్సిందే. దించకుండా ఎక్కగలిగినవాడు మాలో బావ ఒక్కడే. నేను ప్రతిసారీ సగంలో కాలు దించేవాణ్ణి. వెనకనుంచి ఆయన అరిచేవాడు:

"ఏట్రా బామ్మర్దీ, భూమి ఉందో నేదో సూసుకుంటన్నావా?"

"నీ టైర్లు కొత్తవి బావా!"

"టైర్లు మార్సుకుందాం రా. కాళ్ళు మాత్రం నావి నాకుండనీ. కాలు దించకుండా ఎక్కీ, ఆ రోజు నుంచి నిన్ను గురువుగారూ అంటాను."

ఆ మాట ఆయనకి వేళాకోళం. నాకు మాత్రం పట్టుదలయింది.

ఒక వానాకాలం బంద్ రోజున మిగతావాళ్ళు ముసురు చూసి రాలేదు. మేమిద్దరమే వెళ్ళాం. ఆ చీలికకి ఇంకా దూరం ఉందనగా బావ చక్రంలో గాలి పోయింది. "నువ్ ఎల్లి రేవు కాడ చా సెప్పు. నాను ఎనకే వొస్తాను. దారి సూసి రెమ్మ ఎట్టు" అన్నాడు.

నేను వెళ్ళాను. చీలిక దగ్గరికి వస్తూండగానే పల్లపు దారి కనపడింది. దాని మధ్యలో గోధుమ రంగు నీళ్ళు పరుచుకుని ఉన్నాయి. బట్టీవాళ్ళు మట్టి కోసం దారి అంచుదాకా తవ్వుతారని మా అందరికీ తెలుసు. దిగి చూడాలి. కానీ ఆ రోజు సైకిలు మంచి ఊపు మీద ఉంది. దిగితే ఊపు పోతుంది. కుడికి తిప్పి ఎక్కేశాను. చక్రం ఒకసారి జారింది, మళ్ళీ పట్టింది. కాలు దించలేదు. గట్టు మీద నిలబడి, వినేవాళ్ళెవరూ లేకపోయినా గట్టిగా కేక పెట్టాను.

రెమ్మ సంగతి మరిచి కాదు, గుర్తుంది. కిందికి దిగితే మళ్ళీ ఎక్కాలి. రెండోసారి ఎక్కలేనేమోనని భయం. ఒకసారి సాధించినదాన్ని చెడగొట్టుకోవాలనిపించలేదు. బావ నీళ్ళు చూస్తాడులే అనుకుని రేవుకి వెళ్ళి రెండు టీలు చెప్పాను.

రెండు టీలూ చల్లారిపోయాయి. తిన్నగా వెళ్ళి నీళ్ళ కింది గోతిలో పడ్డ ఆయన్ని బట్టీ పనివాళ్ళు సామాన్లు మోసే వ్యాన్ రిక్షా చెక్క మీద పడుకోబెట్టి తెచ్చారు. భుజం ఎముక విరిగింది, మోచేయి నలిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టాక ఆయన అడిగిన మొదటి మాట:

"ఒరే, రెమ్మ ఎట్టినావా?"

అక్క పక్కనే ఉంది. నా మొహంలోకే చూస్తోంది.

"పెట్టాను బావా."

"మరి నాకు అగుపడనేదేటి?"

ఆ అడగడంలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

భుజం అతికింది. కళ్ళ మీద నమ్మకం అతకలేదు. కంటి డాక్టరు ఏ లోపమూ లేదన్నా ఒప్పుకోలేదు. తనంతట తానే ఆఫీసుకి వెళ్ళి లారీ వద్దన్నాడు. యూనియన్ నాయకుడు ఇంటికొచ్చి బతిమాలాడు, డ్రైవరు పోస్టు ఎవడైనా వదులుకుంటాడా అని. ఆయన వెళ్ళిపోయాక బావ మాతో అన్నాడు: "రెమ్మ అగుపడనోడికి రేపు రోడ్డు మీద పసిపిల్ల అగుపడతాదేటి?" తరవాత పంపుహౌసులో వాల్వులు తిప్పే పనిలో వేశారు. సైకిలు గోడకి చేరవేసి ఉండేది. బంద్ వచ్చిన రోజున దాని చైనుకి నూనె వేసి, మళ్ళీ అక్కడే పెట్టేవాడు. మావాళ్ళు కథ చెప్పి నవ్వితే తనూ నవ్వి, "అవున్రా, గుడ్డినాకొడుకుని" అనేవాడు. ఎన్నోసార్లు చెప్పాలనుకున్నాను. చెప్పడం ఆలస్యమైన కొద్దీ ఇంకా కష్టమయింది.

బావ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న అక్క ఇంటికి వెళ్తే మేనల్లుడు కళ్ళు చూపించుకోవడానికి భవానీపూర్ బయల్దేరుతున్నాడు. చూపు తగ్గిందా అన్నాను. "లేదు మావా. నాన్నకి అలా అయింది కదా, మనకీ రావచ్చు. ఏటేటా చూపించుకుంటాను" అన్నాడు. వాడటు వెళ్ళగానే అక్కకి చెప్పేశాను.

అక్క చేటలో బియ్యం ఏరుతోంది.

"ఆయన ఉన్నప్పుడు సెప్పుంటే నాలుగు తిట్లు తిట్టి, మర్నాడే సైకిలెక్కీవోడు కదరా" అంది. చేట పక్కన పెట్టింది. "ఎంతమంది నవ్వినారో అంతమందికీ తెలియాల."

"రాస్తానక్కా."

"రాయి. నీ మేనల్లుడు మాత్రం తెలుగు సదవలేడు. ఆడికి నోటితో సెప్పు."

ఇదంతా రాసి నిన్న వాడికి చదివి వినిపించాను. వాడు తల వంచుకుని విన్నాడు. తిడతాడనుకున్నాను. వాడు అడిగింది వేరు:

"మావా, ఆ ఎక్కుడు నిజంగా కాలు దించకుండా ఎక్కావా?"

"ఎక్కాను."

"నాన్నకి తెలుసా?"

తెలియదు. ఆ మాట చెబితే, మరి దిగకుండా రెమ్మ ఎలా పెట్టావురా అని ఆయన అడిగి ఉండేవాడు.