గాట్లు లేని రంగులు

నా దగ్గరున్న రంగు పెన్సిళ్లలో మూడింటికి గాట్లుంటాయి. ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు రెండు, గోధుమ రంగుకు మూడు. అవి నా భార్య బ్లేడుతో పెట్టింది. ఈ మూడు రంగులకూ తేడా నాకు తెలియదు. పుట్టుకతోనే అంతే. పెళ్లయిన కొత్తలో పండినవనుకొని పచ్చి టమాటాలు తెస్తే ఆమె నవ్వింది. ఆ తర్వాత సంతకు నన్నెప్పుడూ ఒక్కడినే పంపలేదు. ఆమె పోయాక టమాటాలు నొక్కి చూసి కొంటున్నాను.

నేను బడిలో చదివింది తక్కువ. లెక్కలు సొంతంగా నేర్చుకొని మణుగూరులో లారీల కాంటా దగ్గర తూకాలు రాసే పనిలో కుదిరాను. డ్యూటీ దిగాక పినపాక అవతల అడవి అంచునున్న ఒక గూడేనికి బండి మీద వెళ్లి పిల్లలకు చదువు చెబుతాను. నన్నెవరూ రమ్మనలేదు. సాయంత్రం పూట ఇంట్లో ఉండలేకపోయాను, అంతే.

ఆ పిల్లల ఇంటి భాష వేరు. తెలుగులో వాక్యం రాయమంటే బెదిరేవారు. అందుకని ముందు బొమ్మ వేయించేవాణ్ణి. కింద "పువ్వు" అని రాస్తే చాలదు, ఎలాంటి పువ్వో చెప్పే మాట ముందు చేర్చాలి. ఎర్రని పువ్వు. ఆ మాటను విశేషణం అంటారని చివర్లో చెప్పేవాణ్ణి. బొమ్మతో పాటు వాడిన పెన్సిళ్లు కూడా నా చేతికివ్వాలన్నది నియమం. గాట్లు తడిమి దిద్దేవాణ్ణి.

"మనం పెన్సిళ్లు ఎత్తుకపోతమని సారు లెక్క వెట్టుకుంటుండు" అని ఒక పిల్ల గొణిగింది. అలా అనుకోవడమే నాకు నయం. రంగులు తెలియనివాడు రంగులు చెబుతున్నాడని తెలిస్తే ఇక రావద్దంటారేమో. ఈ గంట కూడా పోతే నాకు మాట్లాడే మనుషులుండరు.

హోలీ ముందురోజు పిల్లలు పెన్సిళ్లు ముట్టలేదు. మోదుగుపూలు నానబెట్టిన నీళ్లు ఒక గిన్నెలో, దంచిన ఆకు పసరు ఇంకో గిన్నెలో తెచ్చి, వేళ్లతో అద్ది బొమ్మలు వేశారు. గొణిగిన పిల్లే ముందుగా తెచ్చిచ్చింది. చెట్టు బొమ్మ. కింద "ఎర్రని చెట్టు" అని రాసింది. తడిమేందుకు గాట్లు లేవు. కాగితం ఆరిపోయింది, వాసన కూడా రాలేదు. చెట్టు కదా అని, ఆ మాట కొట్టేసి "పచ్చని" అని రాశాను.

"ఏంది సారూ, ఇప్పుడు మోదుగుకు ఆకేడుంది? మొత్తం పూలే గద!"

పక్కనున్న పిల్లవాడు కాగితం లాక్కున్నాడు. "ఇంత ఎర్రగుంటే పచ్చగంటడేంది! సారు కండ్లకు గంతలు కట్టుకున్నడా?"

అందరూ పకపకా నవ్వారు. ఆ పిల్ల మాత్రం పెన్సిళ్ల డబ్బా వంక చూసి, నా వంక చూసింది.

"మీకు ఎరుపు కనవడదా సారూ?"

"అవ్. కనబడదు."

నవ్వులు ఆగాయి.

"మరి మోదుగు పూస్తే అడివి మీకెట్ల కనవడ్తది?"

"ఎండిపోయినట్టే."

ఆ పిల్ల నా పక్కకొచ్చి కూర్చుంది. "పొయ్యిల నిప్పు ఊదితె మొఖానికి సెగ తాకుతది గద, గట్లుంటది ఎరుపు."

"కాదు, ఎండు మిరపకాయ కొరికినట్టుంటది" అన్నాడు పిల్లవాడు.

ఆ మాటలే రాయమన్నాను. సెగల చెట్టు, కారపు చెట్టు అని రాశారు. నేను కొట్టేసిన "ఎర్రని"ని నేనే మళ్లీ రాశాను.

బండి తీస్తూ, అటు తిరిగే అడిగాను. "రేపు రావాల్నా?"

"రేపు హోలీ. పాత అంగి ఏస్కోని రాండ్రి సారూ" అంది ఆ పిల్ల.

ఇంటికొచ్చి దండెం మీది అంగీలు తడిమాను. కాలరు అరిగింది ఒకటి దొరికింది. అది నా భార్య కొన్నదే. కొన్న రోజు దాని రంగేదో చెప్పింది కూడా. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.