అసహ్యం అంటే ఏటి?

బడ్జ్ బడ్జ్ నుంచి కలకత్తా వచ్చే బస్సులో కూర్చుని, ఫోన్లో మా చెల్లెలితో "ఈ చెమట కంపు అసహ్యంగా ఉందే" అంటున్నాను. పక్క సీట్లో టోపీ పెట్టుకున్న ముప్పయ్యేళ్ళ మనిషి నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగాడు.

"దీదీ, అసహ్యం అంటే ఏటి?"

నవ్వొచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడన్నమాట.

"రోత. చూస్తే కడుపులో తిప్పేది."

"సహించలేనిది కాదేటి? బెంగాలీలో అదే కదా."

అర్థం అడిగితే ఒక్క ముక్కతో ఊరుకునే రకం కాదు నేను. "సంస్కృతంలోనూ అంతే. భరించలేని నొప్పిని కూడా అసహ్యం అనొచ్చు. తెలుగులో ఆ అర్థం ఎప్పుడో పోయింది. ఇప్పుడు మనిషిని పట్టుకుని ఆ మాటంటే, నువ్వంటే రోత అన్నట్టే."

అతను కిటికీ వైపు తిరిగాడు.

"మా అమ్మ మంచం పట్టింది దీదీ. తుడవడం, గుడ్డలు మార్చడం అన్నీ నేనే. ఓ రోజు ఆ నొప్పి చూడలేక, 'నిన్నిలా చూస్తే అసహ్యంగా ఉందమ్మా' అన్నాను. గోడవైపు తిరిగిపోయింది. ఆ తర్వాత నన్ను ముట్టుకోనివ్వలేదు. ఎందుకో తెలీలేదు."

"ఇప్పుడైనా వెళ్ళి చెప్పండి. తల్లి కదా, అర్థం చేసుకుంటారు."

అతను స్టాప్ రాగానే లేచి, చెమట తుడుచుకోవడానికి టోపీ తీశాడు. కొత్తగా గీయించిన గుండు. ఆ మాట వినడానికి ఇంట్లో ఆవిడ లేదు.

"బాగా చెప్పారు దీదీ," అని దిగిపోయాడు.

ఆ గొంతులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది.