నాగులు ఆర్పేసిన లైట్లు

నాగులు ఇరవై రెండేళ్ళు పెళ్ళి పందిళ్ళకి లైట్లు కట్టాడు. బందరు దగ్గర చేపలు పట్టే ఇంట్లో పుట్టి, సముద్రం పడక విజయవాడ వచ్చేసిన మనిషి. పందిరిని ఒక్కసారి చూసి ఎన్ని బల్బులు చాలో చెప్పేవాడు. వినేవాళ్ళే ఉండేవారు కాదు. మైలవరంలో ఒక పెళ్ళికి గేటంతా కట్టి నిచ్చెన దిగాక, పెళ్ళివారి పెద్దాయన ఆ వెలుగుకి కళ్ళు చికిలించుకుంటూనే, "బోసిగా ఉందయ్యా, ఇంకొక్క వరస వెయ్యి" అన్నాడు. నాగులు మళ్ళీ ఎక్కాడు. నిచ్చెన జారింది. తుంటి విరిగింది.

ఆర్నెల్లు మంచం మీదే. నొప్పి కంటే ఆ 'బోసిగా' అన్న మాట ఎక్కువ సలిపేది. తనలో తనే పెద్దాయన్ని తిట్టుకునేవాడు. అది చూడలేక, పాలిటెక్నిక్ చదివే కూతురు సుధామణి తన ల్యాప్‌టాప్ తెచ్చి ఒళ్ళో పెట్టింది. అందులో ఒక వర్చువల్ లోకం. మనుషులు బొమ్మల రూపంలో తిరుగుతారు, ఇళ్ళు కట్టుకుంటారు, ఒకరింటికొకరు వెళ్ళి కూర్చుంటారు.

"నిచ్చెన ఎక్కే పని లేదు నాన్నా. వేలితో లాగితే లైటు పైకెళ్ళిపోద్ది."

నాగులు పదడుగుల గది కట్టాడు. సున్నం గోడలు, ఒక్క కిటికీ. సాయంత్రం నాలుగింటి ఎండ అందులోంచి నులకమంచం మీద ఏటవాలుగా పడుతుంది. గూట్లో ఒక గాజు గ్లాసు. మిగతాదంతా నీడకి వదిలేశాడు. ఎండ ఆ గ్లాసులోంచి దూరి గోడ మీద వణికేలా చెయ్యడానికి తొమ్మిది రోజులు పట్టింది.

"ఫ్యానన్నా పెట్టలేదేంటి?" అంది సుధామణి.

"పెడితే కళ్ళు దాని మీదకే పోతాయమ్మా. ఎండనెవరు చూస్తారు?"

ఆ గదికి జనం రావడం మొదలైంది. బెంజ్ సర్కిల్ దగ్గర అలాంటి గదులు చేసి ఇచ్చే ఆఫీసు నడిపే పవన్‌కుమార్ చూసి, పిలిచి ఉద్యోగమిచ్చాడు. నాగులు చేతికర్రతో సిటీ బస్సెక్కి వెళ్ళేవాడు.

ఉద్యోగంలో చేరిన మూడో నెలలో శివపార్వతి అనే నర్సు ఆఫీసుకి వచ్చింది. డ్యూటీ దిగాక కాసేపు కూర్చోడానికి వాళ్ళ అమ్మమ్మ వంటిల్లు కావాలంది. నాగులు ఆమెను కూర్చోబెట్టి అన్నీ అడిగాడు. పొయ్యి ఏ మూల? పొగ ఎటు పోయేది? మూడు వారాలు కష్టపడి, పొయ్యిలో నిప్పుల ఎరుపు, పైన గవాక్షంలోంచి ఒక్క తెల్లటి చార, ఆ రెండు వెలుగులతోనే గది పూర్తి చేశాడు.

చూపించే రోజున శివపార్వతి భర్తతో వచ్చింది. పవన్‌కుమార్ పెద్ద తెర మీద గది తెరిచాడు. పొయ్యి మీద షాండ్లియర్ వేలాడుతోంది. చుట్టూ ఫాల్స్ సీలింగు, ఊదారంగు లైట్ల పట్టీలు, అద్దాల బీరువాలు, పూలకుండీలు.

"ఎవరండీ ఈ పని చేసింది?"

"నేనే నాగులుగారూ. మరీ బోసిగా ఉంటేనూ..." అన్నాడు పవన్‌కుమార్.

ఆ మాటతో నాగులు ఒళ్ళు మండిపోయింది. "బోసా? అమ్మమ్మ వంటింట్లో షాండ్లియర్ ఏంటండీ? ఆ నిప్పులు కనపడుతున్నాయా మీకు? కనపడకుండా చంపేశారు కదండీ!" కర్ర బల్లకేసి కొట్టాడు. కోపంలోనూ 'అండీ' మాత్రం పోలేదు. కీబోర్డు లాక్కుని ఒక్కొక్క లైటూ ఆర్పుకుంటూ పోయాడు. చివరికి పొయ్యి ఒక్కటే ఎర్రగా మిగిలింది.

"మీరు చెప్పండమ్మా," అన్నాడు రొప్పుతూ.

శివపార్వతి భర్త వంక చూసింది. "మా వాళ్ళందరికీ చూపించాలి. ఇందాకటిదే గ్రాండ్‌గా ఉంది," అన్నాడతను. ఆమె తల వంచుకుంది.

నాగులు కర్ర తీసుకుని బయటికొచ్చేశాడు. మళ్ళీ ఆ ఆఫీసు మెట్లెక్కలేదు. నెల రోజులు ఇంట్లో ఎవరు పలకరించినా విసుక్కున్నాడు. ఆ కసితోనే సుధామణి ల్యాప్‌టాప్‌లో ఆ వంటింటిని మళ్ళీ మొదట్నుంచీ కట్టాడు. ఈసారి గవాక్షం వెలుగు కూడా సగానికి తగ్గించాడు. కింద కట్టినవాడిగా తన పేరు పెట్టి, ఎవరైనా రావచ్చని తలుపు తీసి ఉంచాడు.

ఒక మధ్యాహ్నం చూస్తే, పొయ్యి పక్కన నేల మీద ఎవరో ఆడమనిషి బొమ్మ కూర్చుని ఉంది. బొమ్మ తల పైన పేరు శివపార్వతి. గంట దాటినా కదల్లేదు.

నాగులుకి కోపం మళ్ళీ భగ్గుమంది. 'ఆవేళ నోరెందుకు విప్పలేదండీ?' అని టైపు చేశాడు.

జవాబొచ్చింది. 'ఆయన ముందు చెప్పలేకపోయానండీ. అమ్మమ్మ ఇలాగే, చీకట్లోనే వండేది.'

నాగులు ఆ మాట రెండుసార్లు చదివాడు. కోపం పోలేదు. అయినా టైపు చేశాడు.

'సరే, కూర్చోండి. దేన్నీ ముట్టుకోకండి.'